కోస్తా ఆంధ్రలో పార్క్‌లాండ్ గోల్ఫ్ మైదానం: రూపకల్పన మార్పులు, నిర్వహణ, నీటి ప్రశ్న (అనకాపల్లి – విశాఖపట్నం ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:

పచ్చిక, చెట్లు, చెరువులతో ఉద్యానవనాన్ని తలపించే గోల్ఫ్ మైదానాన్ని ‘పార్క్‌లాండ్’ మైదానం అంటారు. ఆంగ్లదేశపు లోతట్టు భూముల్లో పుట్టిన ఈ రూపం ఉష్ణమండలానికి వచ్చినప్పుడు మూడు పరీక్షలను ఎదుర్కొంటుంది: తుపాను వాన, వేసవి నీటి ఎద్దడి, నేలలో పేరుకునే ఉప్పు. అనకాపల్లి, విశాఖపట్నం జిల్లాల శీతోష్ణస్థితిలో ఈ మూడూ ఏటా ఎదురయ్యేవే. పచ్చిక రకం ఎంపిక, గ్రీన్ నిర్మాణం, చెట్ల అమరిక, నీరు పెట్టే విస్తీర్ణం అనే నాలుగు అంశాల్లో గత ఆరు దశాబ్దాలుగా వచ్చిన మార్పులను ఈ వ్యాసం వివరిస్తుంది. రూపకల్పన, నిర్వహణ అనేవి వేర్వేరు దశలు కావనీ, ప్రతి రూపకల్పన మార్పూ దశాబ్దాలపాటు మోయవలసిన నిర్వహణ భారమనీ, ఈ ప్రాంతంలో ఆ భారాన్ని ముందుగా నీటి లెక్కలోనే తూచాలనీ ప్రతిపాదించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: గోల్ఫ్ మైదానం, పార్క్‌లాండ్, గరిక, పాస్పాలమ్, గ్రీన్ నిర్మాణం, హుద్‌హుద్, శుద్ధిచేసిన మురుగునీరు, వాల్టా చట్టం, అనకాపల్లి.

1. ఉపోద్ఘాతం:

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి అనకాపల్లి జిల్లా ఏర్పడింది. బెల్లం మార్కెట్‌కూ, 1913లో మొదలైన చెరకు పరిశోధనకూ పేరుపొందిన ఈ ప్రాంతం నేడు అచ్యుతాపురం, నక్కపల్లి, పూడిమడక తీరం వెంబడి పారిశ్రామిక మండలంగా మారుతున్నది. పరిశ్రమలతోపాటు కొత్త టౌన్‌షిప్‌లు, విహార కేంద్రాలు, క్రీడా మైదానాలు వస్తాయి. అటువంటి ప్రణాళికల్లో గోల్ఫ్ మైదానం తరచుగా కనిపించే అంశం. పొరుగున విశాఖపట్నంలో ముడసర్లోవ సమీపాన ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఈ ప్రాంతీయులకు బాగా పరిచయమైన ఉదాహరణ. దేశీయ వృత్తి క్రీడాకారుల టూర్ పోటీలకు కూడా ఆ మైదానం ఆతిథ్యమిచ్చింది.

గోల్ఫ్‌పై తెలుగులో వచ్చిన రచనలు ఎక్కువగా క్రీడా వార్తలకే పరిమితం. యాభై, అరవై హెక్టార్ల భూమిని ఏడాది పొడవునా ఒక నిర్దిష్ట స్థితిలో నిలిపి ఉంచే వ్యవస్థగా దాన్ని పరిశీలించినప్పుడు వ్యవసాయశాస్త్రం, జలవనరుల నిర్వహణ, భూగోళశాస్త్రం, పట్టణ ప్రణాళిక అనే నాలుగు రంగాలు అక్కడ కలుస్తాయి. ఆ కోణంలోనే ఈ వ్యాసం విషయాన్ని చర్చిస్తుంది.

2. పార్క్‌లాండ్ రూపం – పుట్టుక, వలస:

గోల్ఫ్ తొలి మైదానాలు స్కాట్లండ్ తీరంలోని ఇసుక దిబ్బల మీద ఏర్పడ్డాయి. వీటిని ‘లింక్స్’ అంటారు. అక్కడ చెట్లు లేవు. నేల ఇసుక కావడం వల్ల వాననీరు నిలవదు, గడ్డి సహజంగానే పొట్టిగా పెరుగుతుంది. ఆట పంతొమ్మిదో శతాబ్దంలో లోతట్టు ప్రాంతాలకు విస్తరించినప్పుడు జమీందారీ ఉద్యానవనాల వంటి బరువైన నేలలు, పెద్ద చెట్లు, కుంటలు ఉన్న స్థలాలు మైదానాలయ్యాయి. ఆ నేలలో నీరు నిలుస్తుంది, గడ్డి ఏపుగా పెరుగుతుంది. కాబట్టి నీటిని బయటికి పంపడం, గడ్డిని యంత్రంతో కోయడం తప్పనిసరి అయింది. లింక్స్ మైదానాన్ని చాలావరకు ప్రకృతే నిర్వహిస్తే, పార్క్‌లాండ్ మైదానాన్ని మనుషులు నిర్వహించాలి. ఈ తేడా మొదటినుంచీ ఆ రూపంలోనే ఉంది.

భారతదేశానికి ఈ ఆట చాలా త్వరగా వచ్చింది. 1829లో స్థాపితమైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ బ్రిటిష్ దీవుల వెలుపల ఉన్న గోల్ఫ్ క్లబ్బుల్లో అత్యంత పురాతనమైనదిగా ప్రసిద్ధి. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876 నాటిది. అయితే నాటి భారతీయ మైదానాలు నేటి అర్థంలో పచ్చనివి కావు. నీరు పుష్కలంగా లేని చోట్ల గ్రీన్‌లకు బదులు నూనె కలిపిన ఇసుకను చదునుచేసి ‘బ్రౌన్’లను ఏర్పాటు చేసేవారు. బంతి దొర్లడానికి సమతలం కావాలి గాని, అది పచ్చగా ఉండాలన్న నియమం ఆటలో లేదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండాలన్న కోరిక బోరుబావులు, విద్యుత్ పంపులు, తుంపర సేద్య పరికరాలు, ఆ పై టెలివిజన్ ప్రసారాలు వచ్చాక బలపడినదే. నేటి నీటి ప్రశ్నను చర్చించేటప్పుడు ఈ చారిత్రక వాస్తవాన్ని గుర్తుంచుకోవాలి.

3. ప్రాంతీయ నేపథ్యం – నేల, వాన, గాలి:

అనకాపల్లి, విశాఖపట్నం ప్రాంతంలో సాలుకు సుమారు 1,100 మి.మీ. వర్షం కురుస్తుంది. అందులో అధికభాగం జూన్ నుంచి నవంబరు వరకు, నైరుతి, ఈశాన్య రుతుపవనాలలో వస్తుంది. డిసెంబరు నుంచి మే వరకు వాన చాలా స్వల్పం. అంటే మైదానం ఆరు నెలలు నీటిని వదిలించుకోవాలి, మరో ఆరు నెలలు నీటిని వెతుక్కోవాలి.

తూర్పు కనుమల పాదాల వద్ద ఎర్రనేలలు, నదీ పరీవాహకంలో ఒండ్రు, తీరం దగ్గర ఇసుక, అక్కడక్కడా చవుడు నేలలు ఉంటాయి. ఎర్రనేల ఎండినప్పుడు గట్టిపడుతుంది, మనుషుల, యంత్రాల రాకపోకలతో త్వరగా అణగారిపోతుంది. కొండల నుంచి దిగే వాననీరు గెడ్డల రూపంలో శారదా వంటి నదులకో, చెరువులకో చేరుతుంది. మైదానం రూపకర్త గీసే తొలి గీతలు ఈ గెడ్డల దారులను గౌరవించాలి. ఆటకు అనువుగా గెడ్డను పూడ్చినా, దారి మళ్ళించినా ఆ నీరు మరొక వైపు పొలాలనో ఇళ్ళనో ముంచుతుంది.

మూడో అంశం గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కి.మీ. వేగపు గాలులతో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. నగరంలోనూ పరిసర మండలాల్లోనూ చెట్ల ఆచ్ఛాదన ఒక్క పగటిలో కుప్పకూలింది. చెట్లే ప్రాణమైన పార్క్‌లాండ్ రూపానికి ఈ తీరంలో ఎంత అనిశ్చితి ఉందో ఆ రోజు తెలియజెప్పింది.

4. గరిక నుంచి పాస్పాలమ్ దాకా – పచ్చిక ఎంపిక:

ప్రపంచంలోని ఉష్ణమండల గోల్ఫ్ మైదానాల్లో ఎక్కువగా కనిపించే ‘బెర్ముడా గ్రాస్’ తెలుగువారికి కొత్తది కాదు. అది మన గరికే. వృక్షశాస్త్రంలో సైనోడాన్ డాక్టిలాన్ అని పిలిచే ఈ గడ్డి వినాయక చవితి పత్రిలో ఒకటి. చెరకు రైతుకు మాత్రం ఎంత పీకినా పోని కలుపు. భూమిలోని కాండం ద్వారానూ, నేలపై పాకే కాండం ద్వారానూ విస్తరించడం, ఎండకు మాడినా తిరిగి చిగురించడం, తొక్కుడును తట్టుకోవడం – రైతును విసిగించే ఈ లక్షణాలే మైదాన నిర్వాహకుడికి కావలసిన గుణాలు.

అయితే నాటు గరిక ఆకు వెడల్పు. దానిని మూడు, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు నిత్యం కోస్తే పలచబడుతుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ ఈ గరికను ఆఫ్రికా జాతి సైనోడాన్ ట్రాన్స్‌వాలెన్సిస్‌తో సంకరపరచి సన్నని ఆకు గల రకాలను రూపొందించాడు. టిఫ్‌గ్రీన్ (1956), టిఫ్‌వే (1960) వీటిలో ముఖ్యమైనవి. 1965లో వెలువడిన టిఫ్‌డ్వార్ఫ్ ఇంకా పొట్టి రకం. 1990ల చివర వచ్చిన టిఫ్‌ఈగల్ వంటి అతిపొట్టి రకాలు గ్రీన్‌ల రూపాన్నే మార్చాయి. ఈ సంకరాలకు విత్తనం ఉండదు. చెరకు ముచ్చెల మాదిరిగా కాండపు ముక్కలను నాటి వ్యాప్తి చేస్తారు. కాబట్టి కలుషితం కాని నారుమడి దగ్గరలో ఉండడం పునర్నిర్మాణంలో కీలకం. నాటు గరిక ఒక్కచోట కలిసినా కొన్నేళ్ళలో గ్రీన్‌పై వేర్వేరు రంగుల మచ్చలు కనిపిస్తాయి.

రెండో ఎంపిక సముద్రతీర పాస్పాలమ్. ఉప్పు కయ్యల అంచున సహజంగా పెరిగే ఈ జాతి ఇతర పచ్చిక గడ్డులకన్నా లవణాన్ని ఎక్కువగా తట్టుకుంటుంది. అమెరికాలోని కియావా ద్వీపపు ఓషన్ కోర్స్ పాస్పాలమ్ పచ్చికపై 2012లో పీజీఏ చాంపియన్‌షిప్ జరిగింది. ఒక మేజర్ పోటీ ఈ గడ్డిపై జరగడం అదే మొదటిసారి. ఉప్పునీటి బావులున్న తీర మండలాలకూ, శుద్ధిచేసిన మురుగునీటిని వాడదలచిన చోట్లకూ ఇది అనుకూలం. కానీ పాస్పాలమ్ ఉప్పును తట్టుకుంటుందే తప్ప నేలలోని ఉప్పును తొలగించదు. వాననీటితోనో, అదనపు నీటితోనో ఉప్పును వేరు మండలం కిందికి దించకపోతే, సోడియం ఎక్కువైన చోట జిప్సం వేయకపోతే నేల నిర్మాణం చెడుతుంది. పచ్చిక ఎంపిక మారినంత మాత్రాన నిర్వహణ తగ్గదు, దాని స్వరూపం మారుతుంది.

ఈ రెండు జాతులకూ నీడ పడదు. చెట్ల గురించి తరువాత చర్చించవలసిన సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

5. గ్రీన్ – నిర్మాణం, వేగం, వాలు:

మైదానం మొత్తం విస్తీర్ణంలో గ్రీన్‌లు రెండు శాతం కూడా ఉండవు. శ్రమలోనూ ఖర్చులోనూ వాటిదే పెద్ద వాటా. అమెరికా గోల్ఫ్ సంఘం (యూఎస్‌జీఏ) 1960లో తొలిసారి ప్రచురించి, పలుమార్లు సవరించిన నిర్మాణ పద్ధతి నేడు ప్రపంచవ్యాప్త ప్రమాణం. దాని అమరిక ఇది: అడుగున చిల్లుల గొట్టాలు, వాటిపై సుమారు 10 సెం.మీ. కంకర, ఆ పైన 30 సెం.మీ. ఇసుక ప్రధానమైన వేరు మండలం. ఇసుక రేణువుల్లో కనీసం 60 శాతం 0.25 – 1 మి.మీ. మధ్య ఉండాలి. ఇసుకకు, కంకరకు మధ్య రంధ్రాల పరిమాణంలో ఆకస్మిక తేడా ఉండడం వల్ల సాధారణ తేమ ఇసుకలోనే నిలుస్తుంది. వాన ఎక్కువై ఇసుక నిండినప్పుడు మాత్రమే నీరు కంకరలోకి జారుతుంది. గంటకు కనీసం 150 మి.మీ. నీరు ఇంకే సామర్థ్యం ఈ ప్రమాణం కోరుతుంది. అక్టోబరు తుపాను వానలకు ఈ గుణం ఎంతో ఉపకరిస్తుంది. మరోవైపు ఇసుక పోషకాలను పట్టి ఉంచదు. తక్కువ మోతాదుల్లో తరచుగా ఎరువు వేయవలసి వస్తుంది. నదీగర్భంలోని ఇసుక తవ్వకాలపై నియంత్రణలున్న రాష్ట్రంలో సరైన రేణు పరిమాణం గల ఇసుకను చట్టబద్ధంగా సమకూర్చుకోవడం కూడా ప్రణాళికలో భాగమే.

నిర్వహణ పద్ధతులు రూపకల్పనను ఎలా మార్చుతాయో చూపడానికి గ్రీన్ వేగం మంచి ఉదాహరణ. బంతి ఎంత దూరం దొర్లుతుందో కొలిచే స్టింప్‌మీటర్‌ను 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ రూపొందించాడు. 1970లలో యూఎస్‌జీఏ దాన్ని మెరుగుపరచి వాడుకలోకి తెచ్చింది. నాటి సర్వేలో అమెరికా గ్రీన్‌ల సగటు వేగం సుమారు ఆరున్నర అడుగులు. నేడు మంచి క్లబ్బుల్లో పది, పోటీల్లో పన్నెండు అడుగులు సాధారణం. పొట్టి సంకర గరిక, పదునైన కోత యంత్రాలు, రోలర్లు ఇందుకు కారణం. వేగం పెరిగేకొద్దీ పాత వాలులు ఆటకు పనికిరాకుండా పోతాయి. ఆరడుగుల వేగంలో ఐదు శాతం వాలుపై బంతి ఆగుతుంది. పదకొండడుగుల వేగంలో అదే వాలుపై బంతి జారి గ్రీన్ దిగిపోతుంది. అప్పుడు జెండా నిలపడానికి రెండు, మూడు శాతం వాలు గల భాగాలు మాత్రమే మిగులుతాయి. ఆ కొద్ది చోటే పదేపదే తొక్కుడుకు గురై పచ్చిక అరుగుతుంది. చివరకు గ్రీన్‌ను తవ్వి వాలు తగ్గించవలసి వస్తుంది. కోత ఎత్తు ఒక మిల్లీమీటరు తగ్గించాలన్న నిర్ణయం కొన్నేళ్ళకు పునర్నిర్మాణ వ్యయంగా తేలవచ్చు. సభ్యుల ఆటకు ఎనిమిది, తొమ్మిది అడుగుల వేగం చాలునని ముందే నిశ్చయించుకున్న క్లబ్ పాత వాలుల సొగసును, నీటిని, మందులను, డబ్బును కాపాడుకుంటుంది.

6. చెట్లు – అందం, నీడ, తుపాను:

పార్క్‌లాండ్ మైదానంలో చెట్టుకు మూడు పాత్రలు: ఆటగాడికి దిశ చూపడం, ఫెయిర్‌వేలను వేరుచేసి భద్రత కల్పించడం, నీడనివ్వడం. కాలక్రమంలో చెట్టు పెరుగుతుంది గాని ప్రణాళిక పెరగదు. ఇరవై ఏళ్ళ క్రితం గ్రీన్‌కు తూర్పున నాటిన మొక్క నేడు ఉదయపు ఎండను పూర్తిగా అడ్డుకుంటుంది. గరికకు రోజుకు కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటల నేరుటెండ కావాలి. నీడలో అది పలచబడి, తేమ ఆరక, శిలీంధ్ర తెగుళ్ళకు లోనవుతుంది. చెట్టు వేళ్ళు గ్రీన్ కిందికి చొచ్చి నీటిని లాగేస్తాయి. మందులతో సరిదిద్దాలని చూసే అనేక ‘పచ్చిక సమస్యలు’ నిజానికి నీడ సమస్యలు.

పాశ్చాత్య దేశాల్లో దీనికి సమాధానం చెట్ల తొలగింపు రూపంలో వచ్చింది. అమెరికాలోని ఓక్‌మాంట్ క్లబ్ 1990ల నుంచి వేలాది చెట్లను తొలగించి పాత బహిరంగ రూపానికి తిరిగివెళ్ళింది. అగస్టా నేషనల్‌లో పదిహేడో హోల్‌పై ఉన్న ప్రసిద్ధ ‘ఐసెన్‌హోవర్ చెట్టు’ 2014 ఫిబ్రవరిలో మంచు తుపానుకు దెబ్బతిని తొలగింపుకు గురైంది. ఆ ఏడాదే అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకింది. ఆట వ్యూహమంతా ఒకే చెట్టుపై ఆధారపడితే ఆ రూపకల్పన ఒక గాలివాన దూరంలోనే ఉంటుందని ఈ రెండు సంఘటనలూ చెబుతాయి.

అయితే ఓక్‌మాంట్ మార్గాన్ని ఆంధ్ర తీరానికి యథాతథంగా తీసుకురావడం సరికాదు. మే నెల ఎండలో నీడ ఇక్కడ విలాసం కాదు. ముఖ్యంగా పొద్దంతా మైదానంలో పనిచేసే కూలీలకు, కేడీలకు అది ఆరోగ్య అవసరం. పైగా ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం (వాల్టా, 2002) చెట్ల నరికివేతను నియంత్రిస్తుంది. కనుక ఆచరణీయమైన మార్గం స్థానం మార్చడం: గ్రీన్‌లకు, టీలకు తూర్పు, ఆగ్నేయ దిశల్లో పెద్ద చెట్లను నివారించి, నడకదారుల వెంట, పడమటి అంచుల్లో గుంపులుగా నాటడం. ఒంటరి చెట్టుకన్నా గుంపు గాలిని బాగా తట్టుకుంటుంది. తురాయి వంటి పెళుసు కొమ్మల అలంకార వృక్షాలకు బదులు ఈ తీరానికి అలవాటైన తాటి, వేప, కానుగ, పొన్న, నేరేడు వంటివి ఎంచుకోవడం మేలు. పొన్న, కానుగ ఉప్పుగాలిని కూడా తట్టుకుంటాయి. వేర్వేరు జాతులను, వేర్వేరు వయసుల్లో నాటితే ఒక్క తుపానుకే మైదానం బోసిపోదు. వానాకాలానికి ముందే కొమ్మలు పలచబరచడం వార్షిక నిర్వహణలో భాగం కావాలి.

7. నీటి లెక్క:

ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు నీరు అంటే 10,000 లీటర్లు. వేసవిలో గరిక పచ్చికకు రోజుకు సుమారు 5 మి.మీ. అవసరమనుకుంటే హెక్టారుకు 50,000 లీటర్లు. 18 హోల్స్ మైదానంలో 40 హెక్టార్లకు నీరు పెడితే రోజుకు 20 లక్షల లీటర్లు కావాలి. పట్టణ నీటి సరఫరాకు ప్రమాణంగా భావించే తలసరి 135 లీటర్ల చొప్పున ఇది దాదాపు 14,800 మంది దైనందిన అవసరం.

ఈ అంకె ఒక్కటే చూస్తే తీర్పు సులభం. కాని పంటతో పోల్చి చూడాలి. ఏడాదిలో 180 రోజులు నీరు పెట్టారనుకుంటే పచ్చికకు 900 మి.మీ. అవుతుంది. చెరకుకు వానతో కలిపి మొత్తం 1,500 నుంచి 2,500 మి.మీ. నీరు అవసరమని వ్యవసాయ ప్రమాణాలు చెబుతాయి. సాలుకు కురిసే వానను కూడా కలిపి చూసినప్పుడు హెక్టారుకు పచ్చిక వినియోగం చెరకును మించిపోదు. అందువల్ల ‘గోల్ఫ్ అన్నింటికన్నా ఎక్కువ నీరు తాగుతుంది’ అన్న సాధారణ వాదన నిలవదు. అసలు సమస్య పరిమాణంలో కన్నా కాలంలో, వనరులో ఉంది. ఈ ప్రాంతంలో జనవరి – మార్చి మధ్య నాటే చెరకు తొట్టు వేసి పిలకలు తొడిగే దశ సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. ఆ దశలో తడి తప్పితే దిగుబడి పడిపోతుంది. పచ్చికకు అత్యధిక నీరు కావలసింది కూడా ఆ నెలల్లోనే. బావులు అడుగంటేది అప్పుడే. ఒకే భూగర్భజలం నుంచి ఇద్దరూ తోడితే నష్టపోయేది లోతైన బోరు వేయలేని రైతు. రైవాడ వంటి జలాశయాల నీరు, ఏలేరు కాలువ నీరు ఇప్పటికే సేద్యం, నగరం, పరిశ్రమల మధ్య పంపకమవుతున్న ప్రాంతంలో మరో వేసవి వాటాదారు రావడం చిన్న విషయం కాదు.

ఈ పరిస్థితికి రూపకల్పన ఇవ్వగల సమాధానాలు మూడు.

అ) నీరు పెట్టే విస్తీర్ణం తగ్గించడం: అమెరికాలోని పైన్‌హర్స్ట్ రెండో నంబరు మైదానాన్ని 2010–11లో బిల్ కూర్, బెన్ క్రెన్షా పునరుద్ధరించినప్పుడు సుమారు 35 ఎకరాల పచ్చికను తొలగించి, ఆ స్థానంలో ఇసుకను, స్థానిక గడ్డిని మిగిల్చారు. తుంపర తలలు 1,150 నుంచి 450కి తగ్గాయి. 2014లో అక్కడే వరుస వారాల్లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్ పోటీలు జరిగాయి. అంచులు గోధుమరంగులో ఉన్నా ఆట స్థాయి తగ్గలేదు. పై ఉదాహరణలో 40 హెక్టార్లను 24కు తగ్గిస్తే రోజుకు 12 లక్షల లీటర్లు సరిపోతాయి. మిగిలే 8 లక్షల లీటర్లు 5,900 మందికి పైగా జనం అవసరానికి సమానం. రఫ్ భాగాల్లో స్థానిక గడ్డిని, పొదలను వేసవిలో ఎండనిచ్చి, వానకు చిగురించనివ్వడం ఈ ప్రాంత ప్రకృతికి సహజమే.

ఆ) వాననీటి నిల్వ: 60 హెక్టార్ల మైదానంపై 100 మి.మీ. వాన కురిసి, అందులో 30 శాతం పారుదలగా వస్తే 1 కోటి 80 లక్షల లీటర్లు అవుతుంది. తగ్గించిన విస్తీర్ణానికి అది పదిహేను రోజుల నీరు. అలంకారంగా తవ్వే కుంటలను గొలుసుకట్టు చెరువుల పద్ధతిలో, ఒకటి నిండి మరొకదానికి పారేలా అమర్చితే అవి ఆటకు అడ్డంకిగానూ, వరదకు ఆనకట్టగానూ, వేసవికి నిల్వగానూ పనిచేస్తాయి. వెడల్పు తగ్గించి లోతు పెంచితే ఆవిరి నష్టం తగ్గుతుంది.

ఇ) శుద్ధిచేసిన మురుగునీరు: చండీగఢ్ గోల్ఫ్ క్లబ్ వంటి చోట్ల మూడో దశ శుద్ధి చేసిన నీటిని వాడుతున్నారు. ఈ నీటిలో పోషకాలు ఉంటాయి. లీటరుకు 20 మి.గ్రా. నత్రజని ఉన్న నీటిని హెక్టారుకు 9,000 ఘనపు మీటర్లు పెడితే 180 కిలోల నత్రజని చేరుతుంది. పచ్చికకు ఏడాదికి కావలసిన దానిలో అది అధికభాగం. ఆ మేరకు ఎరువు తగ్గించకపోతే మిగిలినది గెడ్డల్లోకీ భూగర్భంలోకీ చేరుతుంది. అదే విధంగా సోడియం, మొత్తం లవణాల పరీక్ష క్రమం తప్పకుండా జరగాలి.

8. నిర్వహణ – నిత్యకృత్యాలు, మనుషులు:

గ్రీన్‌ను దాదాపు ప్రతిరోజూ 3–4 మి.మీ. ఎత్తున, ఫెయిర్‌వేను వారానికి రెండు మూడు సార్లు 12–15 మి.మీ. ఎత్తున కోస్తారు. ఏ కోతలోనూ ఆకులో మూడోవంతుకు మించి తీయరాదన్నది మూలసూత్రం. గరిక వేగంగా పెరగడం వల్ల చనిపోయిన కాండాలు పీచుపొరగా పేరుకుంటాయి. ఆ పొర స్పంజిలా నీటిని పట్టి తెగుళ్ళను ఆహ్వానిస్తుంది. నిలువు కోత, బోలు ముళ్ళతో నేలను పొడిచి మట్టి కడ్డీలు తీయడం, ఆ రంధ్రాలను ఇసుకతో నింపడం దీనికి చికిత్స. గడ్డి వేగంగా కోలుకునే మే చివర – జూలై కాలం ఇందుకు తగినది. ఈ పని చేసినప్పుడు గ్రీన్ రెండు వారాలు గరుకుగా ఉంటుంది. సభ్యుల అసంతృప్తికి జంకి దీన్ని వాయిదావేసే క్లబ్ వానాకాలంలో మూల్యం చెల్లిస్తుంది.

చెరకు పొలంలో కనిపించే వేరుపురుగు, తుంగ ఇక్కడా శత్రువులే. తుంగ గడ్డలను గ్రీన్‌లలో చేతితోనే తీయవలసి వస్తుంది. ఈ పనిలో స్త్రీల శ్రమ ఎక్కువ. మందు పిచికారీకి ముందు తెగులును గుర్తించడం, గాలి దిశ చూడడం, చేతి తొడుగులు, ముఖ కవచం ఇవ్వడం, గెడ్డల అంచున కొన్ని మీటర్ల మేర మందు చల్లని పట్టీని వదలడం నిర్వాహకుల కనీస బాధ్యత. అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి గడ్డి కుటుంబానికే చెందిన చెరకుపై శతాబ్దానికి పైగా అనుభవం ఉంది. నేల పరీక్ష, వేరుపురుగు యాజమాన్యం, లవణ సమస్య వంటి అంశాల్లో ఆ జ్ఞానం పచ్చిక నిర్వహణకూ ఉపయోగపడుతుంది. విదేశీ సలహాదారు ఇచ్చే కాలపట్టికకన్నా స్థానిక వాన, ఎండల లెక్కపై తయారైన పట్టిక ఎక్కువ విశ్వసనీయం.

9. ముగింపు:

పై చర్చ నుంచి తేలే అంశాలు:

• పార్క్‌లాండ్ రూపం స్వభావరీత్యా మానవ నిర్వహణపై ఆధారపడినది. ఉష్ణమండల తీరంలో ఆ ఆధారం ఇంకా పెరుగుతుంది.

• గ్రీన్ వేగం, కోత ఎత్తు వంటి నిర్వహణ నిర్ణయాలు కాలక్రమంలో రూపకల్పన మార్పులను బలవంతంగా తెస్తాయి. కాబట్టి రూపకర్తతో పాటు నిర్వాహకుడు కూడా తొలి దశలోనే ప్రణాళికలో పాల్గొనాలి.

• హుద్‌హుద్ అనుభవం దృష్ట్యా చెట్ల విషయంలో స్థానిక జాతులు, గుంపు నాటకం, ఎండ దిశ అనే మూడింటినీ ప్రమాణాలుగా తీసుకోవాలి.

• నీటి వివాదంలో మొత్తం పరిమాణంకన్నా వేసవి నెలల్లో ఏ వనరు నుంచి తీసుకుంటున్నారన్నది ముఖ్యం. చెరకు రైతు ఆధారపడే భూగర్భజలంపై మైదానం ఆధారపడరాదు. తగ్గించిన పచ్చిక, వాననీటి కుంటలు, శుద్ధిచేసిన నీరు అనే మూడూ కలిస్తేనే ఇది సాధ్యం.

• పచ్చదనం ఏడాది పొడవునా ఉండాలన్నది ఆట నియమం కాదు. ఒకప్పుడు ఈ దేశపు మైదానాలు గోధుమరంగు నేలపైనే ఆటను నిలిపాయి. మే నెలలో అంచులు ఎండి, జూలైలో తిరిగి చిగురించే మైదానాన్ని లోపంగా కాక ఈ ప్రాంత రుతుచక్రానికి అనుగుణమైన రూపంగా స్వీకరించే అభిరుచి సభ్యుల్లో, ప్రేక్షకుల్లో పెరగాలి.

అనకాపల్లి వంటి కొత్త జిల్లాలో ఇటువంటి మైదానానికి అనుమతి కోరే ప్రతి ప్రణాళికా పటంలో హోల్స్ అమరికతోపాటు వేసవి నీటి పట్టిక కూడా జతపరచడం తప్పనిసరి చేస్తే, పైన చెప్పిన అంశాల్లో చాలావరకు కాగితం మీదనే తేలిపోతాయి. ఆ పట్టికను రైతులు, జలవనరుల అధికారులు, వ్యవసాయ శాస్త్రవేత్తలు కలిసి పరిశీలించే అవకాశం ఉండాలి.